పందెపు కారులో బాటరీ

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుసేన్ సాగరపు ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెం జరిగినది. ఫార్ములా-ఈ అను ఈ పోటీ భారతదేశానికి వచ్చుట అదే మొదలు. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ అందులో గెలుపొందినాడు. ఆ కార్లలో పెట్రోలు లేదు. పరుగంతా బాటరీ బలమే. వేగంగా పోవు బండిలో బాటరీని ఎచ్చట ఉంచవలెను, ఎట్లు బిగించవలెను, ఎట్లు మార్చవలెను అను ప్రశ్నలకు నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లంలో ముంచి, మరల మరల విద్యుత్తు నింపుకొనదగిన బాటరీని నిర్మించినాడు. 1899లో జెనాట్జీ అను బెల్జియం దేశీయుడు అట్టి బాటరీలతోనే గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటినాడు. తరువాత పెట్రోలు బండ్లదే పైచేయి అయినది. అయినను 1912లో కాడిలాక్ కారుకు కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమరినది. చేతితో ఇనుపకడ్డీ తిప్పి ఇంజను కదిలించు ప్రయాస తప్పి, పెట్రోలు కారుకు కూడ బాటరీ ముఖ్యాంగమైనది.

స్పోర్ట్సు కారులో బరువు సమంగా పంచబడవలెను. అందుచేత 1962లో వెలువడిన ఎం.జి.బి. అను ఇంగ్లీషు కారులో రెండు 6 వోల్టుల బాటరీలను సీట్ల వెనుక దాచినారు. 1989 నాటి మాజ్దా రెండు సీట్ల కారులో బాటరీ వెనుకనున్న సామాను పెట్టెలో చేరినది. బాటరీలో విద్యుత్తు నింపునపుడు హైడ్రోజను వాయువు పుట్టవచ్చును. అది మండే స్వభావం కలది. కావున అక్కడ మూసివేసిన బాటరీని వాడి, వాయువు బయటకు పోవుటకు గొట్టం అమర్చినారు. తెలుగునాట ఇట్టి మూసివేసిన బాటరీల తయారీలో 1985లో స్థాపితమైన తిరుపతి అమరరాజా సంస్థ పేరుగాంచినది.

బాటరీని పట్టీతో గట్టిగా బిగించుట ఎందుకు? బండి కుదుపులకు పలకలలోని పదార్థం రాలి అడుగున చేరును. బాటరీ ఆయువు తగ్గును. అది ఒరిగి ధనధ్రువం ఇనుమునకు తగిలినచో వందల ఆంపియర్ల ప్రవాహం పారి నిప్పు పుట్టును. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టకపోవచ్చును గాని, స్పానరును ఎర్రగా కాల్చగలవు.

నేడు ప్రగతి నగర్‌లో కారు బాటరీ మార్చు మెకానిక్కు మొదట ఋణధ్రువపు తీగను విప్పును. బిగించునపుడు దానిని చివర బిగించును. ఆ తీగ కారు శరీరానికి కలిసి ఉండును. అది ఊడిన తరువాత స్పానరు పొరపాటున కారుకు తగిలినను వలయం పూర్తి కాదు. అయితే 1967 వరకు ఎం.జి.బి.లో శరీరానికి కలిపినది ధనధ్రువమే! కావున అసలు సూత్రం, శరీరానికి కలిసిన తీగను మొదట తీయుట.

2014లో ఫార్ములా-ఈ మొదలైనపుడు బాటరీలో వాడదగిన శక్తి 28 యూనిట్లు. పందెం ముగియుటకు అది చాలలేదు. వందల కిలోగ్రాముల బరువుతో, వందల వోల్టులతో, ప్రమాదాలకు తట్టుకొనునట్లు గట్టిగా అమర్చిన ఆ బాటరీని నిమిషాలలో మార్చుట సాధ్యమా? అందుచేత డ్రైవరే నడుమ ఒక కారు దిగి, మరియొక కారు ఎక్కెడివాడు! 2018 చివర వచ్చిన కొత్త కార్లతో ఈ పద్ధతి పోయినది. హైదరాబాదులో పరుగెత్తిన కార్లలో వాడదగిన శక్తి సుమారు 38 యూనిట్లు మాత్రమే. అయినను బ్రేకు వేసినపుడు మోటారు జనరేటరుగా మారి, పందెంలో ఖర్చగు శక్తిలో దాదాపు 40 శాతం తిరిగి అందించగలదు.

2023 అక్టోబరులో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఈ కార్లకు పరీక్షలు జరుగుచుండగా, ఒక బాటరీకి నిప్పంటుకొనినది. చిన్న స్థలంలో ఎంత ఎక్కువ శక్తి ఇమిడిన, అది అదుపు తప్పినపుడు హాని అంత ఎక్కువ. శక్తిని కూడబెట్టు విద్య ఎంత అవసరమో, దానిని పదిలంగా పట్టి ఉంచు విద్య కూడ అంతే అవసరము.