కాలువ కట్టిన లోగిలి

అత్తిలి చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పాత మండువా లోగిలికైనా గోడ పెచ్చూడిన చోట చూడండి, ఎర్రటి ఇటుక కనిపిస్తుంది. ఇది రాయి దొరకని నేల. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రునే కోసి, ఆరబెట్టి, ఆవంలో కాల్చుకున్నారు.

మట్టి ఎప్పుడూ ఉన్నదే, దాన్ని కాల్చే స్తోమతు మాత్రం ఆనకట్టతో వచ్చింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన పని 1852కి పూర్తయింది. పశ్చిమ డెల్టాలో పారిన కాలువల్లో ఒకదానికి అత్తిలి పేరే ఉంది. చేలు మాగాణి అయ్యాయి, చేతిలో నాలుగు డబ్బులాడిన ఇళ్ళ మీద తాటాకు పోయి పెంకు వచ్చింది. ఏజెన్సీ కలప తెప్పలుగా గోదావరిలో దిగేది. రేవులో దిగిన రంగూన్ టేకు పడవల మీద వచ్చేది. మొదట్లో కప్పు గూనపెంకుదే. మనం బెంగుళూరు పెంకు అనే మర పెంకు నిజానికి మంగుళూరుది, అక్కడ 1865లో బాసెల్ మిషన్ వారు దాని కార్ఖానా పెట్టారు.

గోడకి ప్రాణం సున్నం. గుల్లసున్నం, ఇసుక గానుగలో పోసి ఎద్దులతో తిప్పించేవారు. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం కలిపేవారు.

లోగిలికి నాలుగు వైపులా కప్పు లోపలికి వాలుతుంది. ఎవరి గది మీంచి లోపలికి జారిన వానైనా నడిమి మండువాలోకి దిగి, ఒకే తూములోంచి పోతుంది. పంచుకోవడానికి వీల్లేకుండా కట్టిన ఇల్లు ఇది.

అయినా పంచుకున్నారు. మితాక్షర న్యాయంలో తాతల ఆస్తి మీద మగపిల్లాడికి పుట్టుకతోనే హక్కుండేది, ఆడపిల్లకి ఉండేది కాదు. 1956 వారసత్వ చట్టం ఆమెకి తండ్రి వాటాలో భాగమిచ్చింది గానీ, అందులోనే 23వ సెక్షన్ అడ్డం పెట్టింది. కుటుంబం కాపురముండే ఇంట్లో మగ వారసులు తమలో తాము పంచుకుంటే తప్ప ఆమె పంపకం అడగకూడదు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కిచ్చింది. ఆ 23వ సెక్షన్ పోవడానికి మాత్రం 2005 దాకా పట్టింది.

ఆడపడుచుల వాటాల వల్లే లోగిళ్ళు పోయాయంటారు కొందరు. నేనొప్పుకోను. అన్నదమ్ములు విడిపోయేదాకా నోరెత్తడానికి చట్టమే వీలివ్వని మనిషి గోడ ఎలా పెట్టిస్తుంది? మండువా మధ్య గోడ లేపింది అన్నదమ్ములే. తూము ఒకరి వాటాలోకి పోయింది, రెండో వాటాలో వాన నిలిచి పునాది నానింది.

ఇల్లు విప్పే రోజున ముందు బేరమయ్యేవి టేకు స్తంభాలు, ద్వారబంధాలు. తర్వాత ఇటుక. సిమెంటు గోడ పగలగొడితే ఇటుక ముక్కలవుతుంది. సున్నం గోడలోది మాత్రం గోకితే నిండుగా ఊడి వస్తుంది. కూలీలు వాటిని వీధి అరుగు పక్కన దొంతులు పెడతారు, ఊళ్ళో ఇంకెవరో పునాదికని బండి కట్టుకొస్తారు.