ఇన్యా సరస్సూ ఒక కట్టే: సొంత చెరువు తెగితే బాధ్యత ఎవరిది?

యాంగోన్‌లో మనవాళ్లు సాయంత్రం షికారుకు వెళ్లే ఇన్యా సరస్సు సహజంగా ఏర్పడింది కాదు. రంగూన్‌కు నీళ్ల కోసం 1882-83లో బ్రిటిష్‌వాళ్లు గుట్టల మధ్య వాన నీటిని నిలిపారు. ఇప్పుడు అక్కడ పడవల క్లబ్బులు, నడక దారులు. తాము నడిచేది ఆనకట్ట మీదని ఎందరికి గుర్తుంటుందో!

ఫామ్‌హౌస్ చెరువైనా సూత్రం ఒకటే. మట్టికట్టకు ప్రాణం అలుగు. వరద అలుగు దాటక కట్ట మీదుగా పొర్లితే మట్టి కోసుకుపోతుంది. చేపలు పోకుండా అలుగుకు వల కడితే చెత్త పట్టి దారి మూసుకుపోతుంది. కట్ట దిగువన ఊట బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. వెంటనే నీటిమట్టం తగ్గించాలి. పెద్ద ఆనకట్టలకూ ఈ ముప్పు తప్పదు. 2018 ఆగస్టు 29న బగో ప్రాంతంలో స్వార్ ఆనకట్ట అలుగు తెగి యాంగోన్-మాండలే హైవే వంతెన దెబ్బతింది, వేలాది మంది ఇళ్లు వదిలారు.

నష్టం ఎవరు కట్టాలి? సొంత అవసరానికి నీళ్లు నిలిపిన మిల్లు యజమాని, తన అజాగ్రత్త లేకున్నా, బాధ్యుడేనని 1868లో రైలాండ్స్-ఫ్లెచర్ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. కానీ మన కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే దావా వేస్తే, 1874లో ప్రివీ కౌన్సిల్ ఆయన్ని వదిలేసింది. అవి తరతరాలుగా ప్రజల సాగుకున్న చెరువులు, పూడ్చేసే హక్కు ఆయనకు లేదు. బర్మా కూడా 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో భాగమే. విహారానికి కట్టుకున్న చెరువు మాత్రం మిల్లు యజమాని కేసుకే దగ్గర.

మయన్మార్‌లో విదేశీయులు భూమి కొనలేరు. 1987 చట్టం ప్రకారం మామూలుగా ఏడాదికి మించి లీజూ కుదరదు. చెరువున్న తోట అద్దెకు తీసుకుంటే తూము తెరిచేదెవరో, అలుగు శుభ్రం చేసేదెవరో కాగితంలో రాయించుకోండి.