శిస్తు, ఠాణా, కచేరీ ఒక్క చేతిలో: గాజుల లక్ష్మీనరసు శెట్టి విమర్శ

మద్రాసు తెలుగువారి గురించి రాసిన వ్యాసాల్లో గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806-1868) పేరు తప్పక కనిపిస్తుంది. 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టాడనీ, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడనీ, పార్లమెంటుకు అర్జీలు పంపాడనీ నాలుగు వాక్యాలు రాసి ముందుకు సాగిపోవడం మనకు ఆనవాయితీ. కాంగ్రెసు పుట్టకముందు విన్నపాలు చేసుకొన్న వినయశీలుర వరసలో ఆయననూ కూర్చోబెట్టేశాం. ఆయన విన్నపాలు చేసిన మాట నిజమే. అయితే ఆ విన్నపాల్లో ఉన్న విమర్శ ఎవరి మీద, దేని మీద అన్నది చూసినవారు తక్కువ. పెరిగిపోతున్న రాజ్యాధికారాన్ని దక్షిణాదిన ఇంత సూటిగా పట్టి చూపినవారు ఆ తరంలో మరొకరు లేరని నా అభిప్రాయం.

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1800లో నిజాం దత్తం చేసిన మండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. నేటి అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలతో పాటు, 1953 నుంచి కర్ణాటకలో ఉన్న బళ్ళారి కూడా ఆయన పాలనలోదే. పాళెగాళ్ళను అణచి, మధ్యవర్తులను తొలగించి, ఒక్కొక్క రైతుతో సర్కారే నేరుగా లెక్క తేల్చుకొనే రైత్వారీని ఆయన అక్కడ నిలబెట్టాడు. పాళెగాడి పీడ పోయినందుకు జనం సంతోషించారు. సీమలోనూ బళ్ళారి వైపునా పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారంటే ఆ అభిమానం ఎంతటిదో తెలుస్తుంది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని మధ్యవర్తి పోయిన చోట ఖాళీ మిగలలేదు, అక్కడికి సర్కారు వచ్చి కూర్చొంది. పొలం కొలిచేది, తరం కట్టేది, పట్టా ఇచ్చేది, కిస్తు వసూలు చేసేది, మాఫీ ఇవ్వాలో వద్దో తేల్చేది అంతా సర్కారే. శిస్తు భారం ఎక్కువైందని 1807లో మన్రోయే ఒప్పుకొని నాలుగోవంతు తగ్గించమని రాస్తే అప్పటికి పైవారు వినలేదు.

అసలు ముడి పడింది 1816లో. అంతకుముందు 1802 రెగ్యులేషన్ల ప్రకారం మద్రాసు రాజధానిలో జిల్లా జడ్జి వేరు, కలెక్టరు వేరు. పోలీసు మీద అజమాయిషీ జడ్జిది. ఊళ్ళు తిరిగే కలెక్టరుకు తెలిసినంతగా కోర్టులో కూర్చొన్న జడ్జికి జనం సంగతి తెలియదని మన్రో వాదన. అది పూర్తిగా తప్పని అనలేం. ఆ వాదనే నెగ్గి, 1816 రెగ్యులేషన్లతో మేజిస్ట్రేటు అధికారమూ పోలీసూ కలెక్టరు చేతికి వచ్చాయి. ఆయన కింద తాలూకాలో తాసిల్దారు శిస్తు వసూలుదారూ అయ్యాడు, పోలీసు అధికారీ అయ్యాడు. బంట్రోతు ఉదయం బాకీదారును లాక్కొచ్చేవాడు, సాయంత్రం దొంగను పట్టేవాడు. ఇద్దరి మీదా ఒకే చెయ్యి పడేది.

కిస్తు గడువు చాలాచోట్ల పంట అమ్ముడు పోకముందే వచ్చేది. రైతు ధాన్యాన్ని అయినకాడికి తెగనమ్మాలి, లేదా షావుకారు దగ్గరికి పోవాలి. రెండూ కుదరనివాడు కచేరీ ముందు నిలబడాలి. జమాబందీలో కాగితం మీద తేలిన అంకె ఎంత ఉందో తాసిల్దారు అంత పంపాలి. తగ్గితే ఆయన ఉద్యోగానికే ముప్పు. ఎలా వసూలు చేశావని అడిగేవాడు పైన లేడు.

లక్ష్మీనరసు శెట్టి వర్తకుల ఇంట పుట్టినవాడు. తండ్రి నీలిమందు, గుడ్డల వ్యాపారం చేసేవాడు. కొడుకు దాన్ని పెంచి సంపన్నుడయ్యాడు. ఆయన మొదట ప్రభుత్వంతో తలపడింది శిస్తు విషయంలో కాదు. ట్వీడ్‌డేల్ గవర్నరుగా ఉన్న రోజుల్లో సర్కారు బడిలో బైబిలు పాఠ్యగ్రంథం చేయాలన్న ప్రయత్నం మీద 1846లో జరిగిన నిరసనకు ఆయన ముందు నిలిచాడు. ప్రభుత్వం తన పని కాని దానిలో చెయ్యి పెడుతోందన్న తలంపు అక్కడే మొదలైందేమో. 1853లో కంపెనీ చార్టరు మళ్ళీ పార్లమెంటు ముందుకు రావలసి ఉన్నది కనుక 1852 చివర అసోసియేషన్ తరఫున పెద్ద అర్జీ వెళ్ళింది. శిస్తు భారం, చేతిపనివాళ్ళ మగ్గాల మీదా పనిముట్ల మీదా వేసిన మొహతర్ఫా పన్ను, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆలస్యంతో ఖర్చుతో కూడిన కోర్టులు, వసూలులో జరిగే హింస అందులో ఉన్నాయి. చార్టరు చట్టం ఈ మాటలను పెద్దగా పట్టించుకోకుండానే పాసయింది.

అప్పుడు ఆయన చేసిన పని నాకు అర్జీ కంటే గొప్పగా తోస్తుంది. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ 1853 అక్టోబరులో మద్రాసు వస్తే, లక్ష్మీనరసు శెట్టి ఆయనను వెంటబెట్టుకొని గుంటూరు, కడలూరు, తిరుచిరాపల్లి, సేలం, తిరునెల్వేలి వైపు తిప్పాడు. గుంటూరు నేల 1832-33 నాటి డొక్కల కరువు దెబ్బ నుంచి అప్పటికింకా తేరుకోలేదు. రైతుల నోటినుంచే వినమన్నాడు. 1854 జూలైలో కామన్స్ సభలో ఈ సంగతి వచ్చింది. లేదన్నవాళ్ళు చాలామంది. చివరకు ఆ ఏడే విచారణ సంఘం వేయక తప్పలేదు. ఇ. ఎఫ్. ఇలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు. మూడు నెలల గడువులో 1,959 ఫిర్యాదులు వచ్చాయి. వారిలో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకొన్నారు. 1855 ఏప్రిల్‌లో నివేదిక వెలువడింది.

భాషాశాస్త్రం చదువుకొన్నవాణ్ణి కనుక ఆ నివేదికలోని మాటలు నన్ను నిలబెట్టేశాయి. వేళ్ళను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కే సాధనం కిట్టి. దీనికి తెలుగులో 'చీరాట' అంటారని ఆంగ్ల లిపిలో రాశారు. రెండు చెక్కముక్కల చిరతలతో ఈ మాటకు చుట్టరికం ఉందని నా ఊహ. మనిషిని వంచి మెడనూ కాళ్ళనూ కలిపి కట్టడం తమిళంలో అణ్ణాందాళ్. తెలుగులో 'గింజెరి' అన్నట్లు చదువుకోవాలి. ఇవి కాక ఎండలో నిలబెట్టడం, వీపున రాళ్ళు పెట్టడం, అన్నానికీ కాలకృత్యానికీ పోనివ్వకపోవడం, జుట్టును గాడిద తోకకో దున్న తోకకో కట్టడం, ఎముకల దండ మెడలో వేయడం వంటివి జాబితాలో ఉన్నాయి. పశువులను మేతకు వదలకుండా ఇంట్లో బంధించడం ఒకటి, బాకీదారు ఇంటిమీద బంట్రోతును కూర్చోబెట్టి ఆ బంట్రోతు కూలి కూడా బాకీదారు చేతనే ఇప్పించడం ఒకటి. ఈ చివరిది దెబ్బ కాదు, రక్తం కారదు. కాని సర్కారు పెరగడమంటే ఏమిటో నాకు అన్నిటికంటె ఇదే బాగా చెప్తుంది: తనను పీడించడానికి వచ్చినవాడి కూలిని రైతే భరించాలి. ఒక హింసకు తాలూకా జనమంతటికీ తెలిసిన పేరు స్థిరపడిందంటే అది ఎవడో ఒక దుర్మార్గుడి కోపం కాదు, వాడుకలో ఉన్న పద్ధతి.

నివేదిక హింస ఉన్నదని ఒప్పుకొంది. తెల్ల అధికారుల్లోనే చాలామంది ఉన్నదని రాసిచ్చారు. న్యాయం ఎందుకు దొరకదో కూడా చెప్పింది: కలెక్టరు మకాం మారుతూ ఉంటాడు, అక్కడికి పోవడానికి రైతుకు ఖర్చు, పోయి అర్జీ ఇస్తే అది విచారణకు మళ్ళీ తాసిల్దారుకే వస్తుంది. ఇంతదాకా చెప్పి, తీరా నింద పంచే చోట మాట మార్చింది. జనం మొర తమ తోటి దేశస్థులైన ఉద్యోగుల క్రూరత్వం మీదే గాని దొరల మీద కాదని తేల్చింది. కింది ఉద్యోగులు నిర్దోషులని ఎవరూ అనరు, కొట్టింది వాళ్ళే. అయితే వసూలైన అంకె చూసి మెచ్చుకొన్నదెవరు? ముగ్గురి అధికారం ఒక్కడికిచ్చింది ఎవరు? లక్ష్మీనరసు శెట్టి అర్జీలు పట్టి చూపింది ఆ ఏర్పాటును. నివేదిక చూపింది బంట్రోతును. మన చరిత్రకారుల్లో కూడా కొందరు నివేదిక దారినే పోయి, కరణాలూ తాసిల్దార్లూ చేసిన అన్యాయంగానే దీన్ని చెప్పి ఊరుకొన్నారు.

ఆయనకూ పరిమితులున్నాయి. మొహతర్ఫా, ఉప్పు పన్నుల మీద మాట్లాడినప్పుడు వర్తకుడి గొంతు వినిపిస్తుంది. కంపెనీ పాలన పోయి రాణి పాలన రావాలని కోరాడు. 1858లో అది వచ్చింది. శిస్తు మాత్రం అలాగే ఉంది. 1859లో 24వ చట్టంతో మద్రాసు పోలీసును రెవిన్యూ నుంచి విడదీశారు. నివేదిక వల్ల కలిగిన నికరమైన ఫలితం ఇదే. కాని అధికారం మితిమీరిందన్న విమర్శకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు మరొక కొత్త శాఖ. 1863లో ఆయననే మద్రాసు శాసనసభకు సభ్యుడుగా నియమించింది కూడా. ప్రజాకార్యాలకు పెట్టిన ఖర్చుతో, వ్యాపారంలో వచ్చిన నష్టాలతో ఆస్తి కరిగిపోయి 1868లో పేదవాడుగా కన్నుమూశాడు.

పోలీసు విడిపోయింది గాని మేజిస్ట్రేటు అధికారం కలెక్టరు దగ్గరే ఉండిపోయింది. న్యాయవిభాగాన్ని కార్యనిర్వాహక విభాగం నుంచి వేరు చేయాలని రాజ్యాంగం 50వ అధికరణంలో చెప్పింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన క్రిమినల్ ప్రొసీజరు కోడుతో నేర విచారణ న్యాయ మేజిస్ట్రేట్లకు వెళ్ళింది. శాంతిభద్రతల పేరున నిషేధాజ్ఞలు ఇచ్చే, పూచీకత్తులు రాయించుకొనే అధికారం కార్యనిర్వాహక మేజిస్ట్రేట్లకు మిగిలింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ పదవి ఉన్నది. తాలూకాల్లో, మండలాల్లో ఆ అధికారం తహసీల్దార్లకే ఇస్తున్నారు.