కులం, వర్గం: గోదావరి గడ్డ మీద పుట్టిన ఒక ఆలోచన

మనిషికి అవమానం పేదరికం వల్ల ఎక్కువా, పుట్టుక వల్ల ఎక్కువా? అమెరికాలో ఈ ప్రశ్న తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ మధ్య పుట్టింది. నల్లవాళ్ళ బతుకు అవకాశాలను ఇప్పుడు రంగు కన్నా వర్గమే ఎక్కువగా నిర్ణయిస్తోందని 1978లో విలియం జూలియస్ విల్సన్ అనే నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త పుస్తకం రాస్తే పెద్ద దుమారం రేగింది. మన దగ్గర రంగు చోట కులం ఉంది. కులమా, వర్గమా అనే మన ప్రశ్నను ఎత్తుకుని జవాబు వెతికిన తెలుగు పుస్తకాల్లో ఒకటి కోనసీమ బిడ్డ బొజ్జా తారకం 1996లో వెలువరించిన ‘కులం-వర్గం’. దాని వెనక దాదాపు నూటయాభై ఏళ్ళ గోదావరి డెల్టా చరిత్ర ఉంది.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెడితే కోనసీమ మొదలవుతుంది. గెలలతో నిండే అరటి మార్కెట్టు, కాలవ గట్ల వెంట కొబ్బరి తోటలు, రెండు పంటలు పండే చేలు. ఈ సిరికి మూలం 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. కరువులతో, వరదలతో అల్లాడిన నేలకు ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర నీళ్ళిచ్చాడు. అయితే ఆ నీళ్ళు భూమి ఉన్నవాడి చేలోకే పారాయి. భూమి ఎవరి చేతిలో ఉండాలో కులం అప్పటికే తేల్చేసింది. దమ్ము చేసి, ఊడ్చి, కోసి, కుప్ప నూర్చిన మాల, మాదిగ కుటుంబాలు పాలేర్లుగా, కూలీలుగా ఊరి చివర పేటల్లోనే ఉండిపోయాయి. పెరిగిన సంపద పాత కులాల గీతల మీదే కొత్త వర్గాలను నిలబెట్టింది.

ఈ అన్యాయాన్ని పాట కట్టి నిలదీసినవాడు రాజమండ్రి కవి, ఆయుర్వేద వైద్యుడు కుసుమ ధర్మన్న. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట ఊరూరా మోగింది. ఆ పాట కోసం గరిమెళ్ళ జైలుకు కూడా వెళ్ళాడు. ధర్మన్న దానికి జవాబుగా ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశాడు. తెల్లవాడు మనల్ని తక్కువగా చూస్తున్నాడని మండిపడే మనం, మన చేలో పనిచేసే మనిషిని ఎలా చూస్తున్నాం? జాతి వివక్షనూ కుల వివక్షనూ పక్కపక్కన నిలబెట్టి చూపిన తొలి తెలుగు గొంతుల్లో ధర్మన్నది ఒకటి.

ధర్మన్న తర్వాతి తరంలో, తారకం 1939లో కాట్రేనికోన దగ్గర కందికుప్పలో పుట్టారు. తండ్రి అప్పలస్వామి అంబేడ్కర్ బాటలో నడిచిన నాయకుడు, శాసనసభ్యుడు. కొడుకు లాయరై నిజామాబాద్ చేరి, అంబేడ్కర్ యువజన సంఘం పెట్టి వ్యవసాయ కూలీల మధ్య పనిచేశారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళారు. కూలీ గుడిసెలో కూలి, భూమి, అంటరానితనం విడివిడి సమస్యలుగా ఉండవు. కానీ వర్గ సమస్య తీరితే కులం దానంతటదే పోతుందనే నమ్మకం ఆనాటి కమ్యూనిస్టుల్లో బలంగా ఉండేది.

1985 జూలై 17న కారంచేడు అనే ఊళ్ళో జరిగిన ఊచకోత ఆ నమ్మకాన్ని కుదిపేసింది. దళితులు తాగే చెరువు నీళ్ళను పాడుచేస్తుంటే అడ్డు చెప్పినందుకు మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్య దాకా వెళ్ళింది. ఆ గొడవకు మొదలు కూలి రేటు కాదు, పొలం గట్టు కాదు. ఒక దళిత స్త్రీ ఎదురు మాట్లాడటాన్ని పై కులం వాళ్ళు ఓర్వలేకపోయారు. ఆ ఓర్వలేనితనం కులానిది. దాన్ని ఊచకోత దాకా నడిపించిన ధైర్యం భూమిదీ పలుకుబడిదీ. తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి, కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభ కట్టారు. పదకొండేళ్ళ తర్వాత ‘కులం-వర్గం’ వచ్చింది. అంబేడ్కర్‌నూ మార్క్స్‌నూ శత్రువులుగా చూడకుండా, ఇద్దరినీ పేదవాడి పక్షాన చదివిన మనిషి రాసిన పుస్తకం అది.

ఇవాళ కోనసీమ పేటల్లో గల్ఫ్ డబ్బుతో కట్టిన డాబాలు కనిపిస్తాయి. ఇళ్ళలో పనికి కువైట్ లాంటి దేశాలకు వెళ్ళిన తల్లుల కష్టం అది. డబ్బు వచ్చినా పేట పేటగానే ఉంది. అగ్రకులంలోని పేద తండ్రి కూడా దళిత ఇంజనీరుకు పిల్లనిచ్చే మాట తలపెట్టడు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో సాగిన ఆందోళన హింసగా మారి, మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. ఆ పేరు పెడితే ఎవరి ఎకరమూ పోదు, ఎవరి కూలీ తగ్గదు. అయినా అంత కోపం వచ్చిందంటే దాని వేరు డబ్బులో లేదు.

అందుకే ఏది ఎక్కువని అడిగితే, ఈ నేల మీద కులమేనని నేను చెబుతాను. ఎవరు ఏ వర్గంలో పుట్టాలో ఇక్కడ నిర్ణయించింది కులం. అలాగని భూమి సంగతి పక్కనపెడితే గౌరవం మాటల్లోనే మిగులుతుంది. ఇళ్ళ స్థలాలిచ్చేటప్పుడు పేటలో మరో వరస వెయ్యకుండా ఊరి నడుమ అన్ని కులాలనూ కలిపి ఇవ్వాలి. కౌలు చేసే దళిత రైతుకు కౌలుదారు కార్డూ బ్యాంకు అప్పూ అందాలి. కులాంతర వివాహం చేసుకున్న జంటకు ఊరు అండగా నిలబడాలి. తారకం 2016లో వెళ్ళిపోయారు. ఆయన పుస్తకం పేరులోని కులం, వర్గం అనే రెండు మాటలనూ ఒకేసారి పట్టించుకోవడం ఇప్పుడు మన వంతు.