లెపిడోటీస్: పొలుసులు దాచిన వంశం

మధ్యయుగపు ఐరోపాలో ఉంగరాల్లో గోధుమరంగు గుండ్రటి రాళ్లు పొదిగేవారు. అవి కప్ప తలలో పుడతాయనీ, విషానికి విరుగుడనీ నమ్మకం. నిజానికి అవి గట్టి చిప్పల జీవులను నలగ్గొట్టి తిన్న ప్రాచీన చేపల పళ్లు. ఆ చేపలను శాస్త్రజ్ఞులు చాలాకాలం ‘లెపిడోటీస్’ ప్రజాతిలో చేర్చారు.

శాస్త్రంలోకి ఈ చేప వేరే పేరుతో వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన బ్లాన్‌విల్ 1818లో ఒక శిలాజాన్ని కార్పు ప్రజాతిలో, అంటే మన చెరువుల్లోని బంగారుతీగ సరసన, నిలబెట్టాడు. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ 1832లో లెపిడోటీస్ ప్రజాతిని నెలకొల్పాడు. పొలుసుల తీరును బట్టి చేపలన్నిటినీ నాలుగు వర్గాలు చేసిన అగాసీ, దీన్ని ‘గానాయిడ్’లలో చేర్చాడు.

ఆ పొలుసు సామాన్యమైనది కాదు. అడుగున ఎముక, పైన గానోయిన్ అనే మెరిసే ఎనామిల్ పూత. డైమండ్ ఆకారపు ఈ పొలుసులు పెంకుల్లా వరుసలు తీరి, ఒకదాని మొన పక్కదాని గుంటలో కూర్చునేవి. చేప కుళ్లిపోయినా ఈ కవచం చెదిరేది కాదు. అందుకే శిలాజాలు విరివిగా దొరికాయి. చిక్కు కూడా అక్కడే మొదలైంది. మందంగా, నున్నగా మెరిసే పొలుసు ఎక్కడ కనబడినా లెపిడోటీస్ అనేయడం అలవాటైంది.

అలా లెపిడోటీస్ పేరు పడిన చోట్లలో మన ప్రాణహిత తీరం కూడా ఉంది. సిరొంచ దగ్గరి కోట గ్రామపు సున్నపురాయిలో దొరికిన చేపకు ఎగర్టన్ 1851లో ‘లెపిడోటీస్ దక్కనెన్సిస్’ అని పేరు పెట్టాడు. ఎస్.ఎల్. జైన్ 1983లో కోట చేపలను ముందు పెట్టుకుని ప్రజాతినంతటినీ సమీక్షించాడు.

చిక్కుముడి విప్పింది పుర్రె. కంటి ముందు వరుసగా పేర్చినట్టున్న చిన్న ఎముకలు ఈ చేపలకు ఇప్పటి గార్ చేపలతో చుట్టరికం ఉందని చెప్పాయి. ఉత్తర, మధ్య అమెరికా, క్యూబాల్లో బతుకుతున్న గార్‌లకు నేటికీ గానాయిడ్ పొలుసులే. 2012లో అద్రియానా లోపెస్-అర్బరెయ్యో పుర్రెలు, పళ్లు, పొలుసులు అన్నీ పోల్చి చూసి, లెపిడోటీస్ పేరును తొలి జురాసిక్ చేపలకే పరిమితం చేసింది. తర్వాతి కాలపు పెద్ద చేపలు కొన్ని ‘షీన్‌స్టియా’ ప్రజాతిలోకి మారాయి. బలమైన నమిలే పళ్లున్నవి ఇవే.

దీంతో డైనోసార్ పుస్తకాలు కూడా దిద్దుకోవాల్సి వచ్చింది. 1983లో ఇంగ్లండులో బయటపడిన బారియోనిక్స్ అనే డైనోసార్ పొట్ట భాగంలో ఆమ్లానికి అరిగిన పొలుసులు కనిపించాయి. డైనోసార్లు చేపలు తిన్నాయనడానికి అది గట్టి సాక్ష్యం. అప్పట్లో లెపిడోటీస్‌వి అన్న ఆ పొలుసులను ఇప్పుడు షీన్‌స్టియావి అంటున్నారు. పుర్రె దొరకని ఒంటి పొలుసుకైతే జాగ్రత్తపరులు ప్రజాతి పేరే పెట్టరు. గార్‌ల వంశమని రాసి ఊరుకుంటారు.