హ్యాండిలే చేతుల దగ్గరికి రావాలి

భువనగిరి గుట్ట కనబడేసరికి నా ఎడమచెయ్యి మొద్దుబారిపోయింది. ఉప్పల్‌లో బయల్దేరి ఇంకా గంట కాలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒకటే లాగుడు. ముందు పోతున్న లారీ బ్రేకు వేసింది. క్లచ్ పట్టాను. బొటనవేలి మొదట్లో కలుక్కుమంది. నొప్పికి వేళ్లు వాటంతటవే సడలాయి. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక బస్సు హారన్.

పక్కన చాయ్ బండి దగ్గర ఆపాను. చెయ్యి దులిపాను, పిడికిలి బిగించి వదిలాను. చాయ్ గ్లాసు కుడిచేత్తోనే అందుకున్నాను. జనగామ దగ్గర మా ఊళ్లో అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. వారం వారం ఇదే దారి, ఇదే నొప్పి. నొప్పిని ఓర్చుకోవచ్చు. క్లచ్ చేతిలోంచి జారిపోతే ఓర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఊరి నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే ఉప్పల్‌లో మెకానిక్ భాయ్ షెడ్డు ముందు బండి పెట్టాను. 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. సెకండ్ హ్యాండ్ బండి. అమ్మినతను అందం కోసం కంపెనీ హ్యాండిల్ తీసేసి కర్రలా తిన్నగా ఉండే ఫ్లాట్ బారు వేయించుకున్నాడు. నేనూ దాన్ని చూసే మురిసి కొన్నాను.

"ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నయి సారూ?"

చూపించాను. నిరుడు డాక్టరమ్మ అడిగిందీ ఇదే. బొటనవేలు వైపు వేళ్లు మొద్దుబారితే మణికట్టు సొరంగంలోంచి వెళ్లే నరం నలుగుతున్నట్టు. చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారితే అరచేతి అంచున ఇంకో నరం మీద బరువు పడుతున్నట్టు. బొటనవేలి మొదట్లో నొప్పి మాత్రం కీలు అరుగుదల అని ఆమె చెప్పింది. మణికట్టు పైకి వంచి ఉంచేకొద్దీ ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుందనీ, బండి మీద చెయ్యి తిన్నగా ఉండేట్టు చూసుకోమనీ చెప్పింది. ఎలా చూసుకోవాలో ఈ రోజు తెలిసింది.

భాయ్ బండిని సెంటర్ స్టాండ్ మీదికి లాగాడు.

"కూసోండ్రి. కండ్లు మూసుకోండ్రి. భుజాలు కిందికి ఇడువుండ్రి. ఇప్పుడు హ్యాండిల్ సంగతి మర్శిపోయి, గాలిల బండి నడిపినట్టు చేతులు ముంగటికి పెట్టుండ్రి."

పెట్టాను. మోచేతులు కొంచెం వంగి, పిడికిళ్లు హాయిగా ఒక చోట ఆగాయి.

"కదలకుండ కండ్లు తెరువుండ్రి."

నా పిడికిళ్లు ఒక చోట, గ్రిప్పులు ఇంకో చోట. భాయ్ టేపు పట్టాడు. ముందుకు మూడు అంగుళాలు, కిందికి రెండున్నర.

"ఈ మూడంగుళాలు రోజు మీ నడుము వంచి కలుపుతున్నరు సారూ. ఒంటి బరువంత అరచేతుల మీదనే పడుతున్నది. చేతులు యాడ ఆగితే ఆడికి హ్యాండిల్ రావాలె. చేతులు హ్యాండిల్ తానకి పోవద్దు."

షెడ్డులో రెండు రాయల్ ఎన్‌ఫీల్డులు పక్కపక్కనే ఉన్నాయి. ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650. రెండూ 2018లో మన మార్కెట్లోకి వచ్చినవే, రెండింటికీ ఒకే 648 సీసీ ఇంజను. భాయ్ నన్ను ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాడు. ఇంటర్‌సెప్టర్ మీద వెడల్పాటి హ్యాండిల్, నడుము దాదాపు నిటారు. జీటీకి ఫోర్కుల దగ్గర విడివిడిగా బిగించే పొట్టి క్లిప్-ఆన్‌లు, ఎక్కగానే ఛాతీ ట్యాంకు వైపు వాలింది, మణికట్లు బరువెక్కాయి. ఇంజను అదే అయినా ఒంటికి తెలిసే బండి వేరు.

భాయ్ మూడు బార్లు దించాడు. మన దగ్గర ఎక్కువ బండ్లకు హ్యాండిల్ లావు 22 మిల్లీమీటర్లు, కొన్ని క్రూజర్లకు 25.4. ఆ లావు, బారును పట్టి ఉంచే క్లాంపుతో కలవకపోతే మిగతా కొలతలు చూడనక్కర్లేదు. కలిశాక చూసేవి మూడు: ఎత్తు, వెడల్పు, గ్రిప్పులు వెనక్కి ఎంత తిరిగాయి అనేది.

మొదటిది బాగా ఎత్తయినది. పట్టుకోగానే ప్రాణం లేచొచ్చింది.

"అయిదు నిమిషాలు గట్లనే ఉండుండ్రి."

మూడో నిమిషానికే భుజాలు లాగడం మొదలైంది. చేతులు భుజాల ఎత్తుకు లేస్తే వాటి బరువంతా మెడ, భుజాలే మొయ్యాలి. పూర్తిగా నిటారుగా కూర్చుంటే గుంతల దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. హైవే మీద గాలి ఛాతీని వెనక్కి నెడుతుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడాలి. నొప్పి మణికట్టు వదిలి భుజాలకు ఎక్కుతుందంతే.

రెండోది చాలా వెడల్పు. తిప్పడం తేలికే, కానీ మోచేతులు పూర్తిగా చాచుకుపోయాయి. వంపు లేని మోచెయ్యి కుదుపుల్ని ఆపలేదు, భుజానికి పంపేస్తుంది.

మూడోది పాత పేపర్లో చుట్టి అటక మీద దాచినది. నా బండికి కంపెనీ ఇచ్చిన రకం హ్యాండిల్. కొంచెం ఎత్తు, గ్రిప్పులు వెనక్కి తిరిగి ఉన్నాయి. కళ్లు మూసుకుని మళ్లీ చేతులు చాపాను. పిడికిళ్లు గ్రిప్పుల మీదే పడ్డాయి.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. క్లాంపు బోల్టులు సగం బిగించి, బారును వేలెడు వెనక్కి తిప్పాడు. మణికట్టు పక్కకు వంగింది. అరవేలెడు ముందుకు జరిపాడు, తిన్నగా అయింది. లివర్లను కొంచెం కిందికి తిప్పాడు, ముంజేతి గీత తప్పకుండా వేళ్లు వాటి మీదికి చేరాయి. ఫ్లాట్ బారుకు సరిపోయేలా వేసిన పొట్టి క్లచ్ వైరు తీసి, కంపెనీ కొలత వైరుకు నూనె పట్టించి ఎక్కించాడు. నొక్కి చూశాను. రెండు వేళ్లకే వచ్చింది.

తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను కుడివైపు చివరిదాకా తిప్పాడు. ఇంజను మోత ఒక్కసారిగా పెరిగింది. ఆ చప్పుడు మీరు కూడా గుర్తుపెట్టుకోవాలి. వైరు బిగుసుకుంటోందని దానర్థం. యూ-టర్న్ మధ్యలో బండి దానంతటది ఉరికితే పట్టేవాళ్లుండరు. హెడ్‌లైటు వెనక వైరు దారి మార్చాడు. మళ్లీ కుడికి, ఎడమకి. మోత మారలేదు. డిస్క్ బ్రేకు పైపు బిగుసుకోలేదు. ట్యాంకుకూ బొటనవేలికీ మధ్య ఖాళీ ఉంది. అప్పుడే బోల్టులన్నీ పూర్తిగా బిగించాడు.

శనివారం మళ్లీ అదే దారి. ఘట్‌కేసర్ దాటింది. బీబీనగర్ దాటింది. భువనగిరి గుట్ట కనబడింది. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటీ కదిపి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి, అన్నీ నావే. చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాను.

నా కీలు అరుగుదల పోలేదు, హ్యాండిల్ మందు కాదు. రాత్రిపూట తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా ముందు డాక్టరుకు చూపించుకోండి. నొప్పికి బండి కారణమైతే మాత్రం కొత్త బారు కొనే ముందు ఇంట్లోనే బండిని స్టాండు మీద పెట్టి, కళ్లు మూసుకుని చేతులు చాపండి. తేడా అంగుళమే అయితే బారును, లివర్లను తిప్పి చూడండి, పైసా ఖర్చు లేదు. అంతకు మించితే మీ పిడికిళ్లు ఆగిన చోటికి వచ్చే బారునే కొనండి. ఎవరి బండి మీదో అందంగా కనబడిందని కొనకండి.