జనాభా నలుగురే.. అమెరికా ఎన్నికల్లో తొలి ఫలితం ఈ ఊరిదే! డిక్స్‌విల్ నాచ్ ఎక్కడుంది?

అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజు మన దగ్గర ఉదయం 10:30 దాటిందో లేదో, 'తొలి ఫలితం వచ్చేసింది' అంటూ టీవీల్లో స్క్రోలింగ్ మొదలవుతుంది. 2024 నవంబర్ 5న కూడా అంతే. ట్రంప్‌కు 3, కమలా హారిస్‌కు 3. టై! లక్షలు కాదు, వేలు కాదు.. అక్షరాలా మూడేసి ఓట్లు. ఆ ఊరే డిక్స్‌విల్ నాచ్.

ఎక్కడుందీ ఊరు?

న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉత్తరం కొసన, కెనడా సరిహద్దుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. రికార్డుల్లో దీని పేరు డిక్స్‌విల్ టౌన్‌షిప్. మనకు టౌన్‌షిప్ అనగానే పెద్ద గేటు, క్లబ్ హౌస్, అపార్ట్‌మెంట్లు గుర్తొస్తాయి కదా. ఇక్కడ అవేం ఉండవు. ఎప్పుడో హద్దులు గీసి పెట్టిన భూమి, అంతే. మున్సిపాలిటీ కూడా లేదు. పాలన వ్యవహారాలు కౌంటీయే చూసుకుంటుంది.

విస్తీర్ణం మాత్రం దాదాపు 127 చదరపు కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ జిల్లాలో సగం కంటే ఎక్కువే! హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం అక్కడ 39 లక్షలకు పైగా జనం. డిక్స్‌విల్‌లో 2020 జనాభా లెక్కల్లో తేలింది నలుగురు.

మిగతాదంతా కొండలు, అడవే. 'నాచ్' అంటే అక్కడి వాళ్ల భాషలో కనుమ. రెండు కొండల మధ్య ఇరుకైన దారి. రూట్ 26 రోడ్డు దీంట్లోంచే వెళ్తుంది. పక్కనే ఉన్న డిక్స్‌విల్ పీక్ ఎత్తు వెయ్యి మీటర్ల పైమాటే. 1805లో ఈ భూమి తీసుకున్న తిమోతీ డిక్స్ పేరే ఊరికి వచ్చింది.

హోటల్ ఉంటేనే జనం

ఇక్కడ చెప్పుకోదగ్గది ఒకటే.. బాల్సమ్స్ హోటల్. 1866లో 25 గదుల వేసవి విడిదిగా మొదలై, తర్వాత పెద్ద రిసార్ట్ అయింది. ఊరి బతుకంతా దీని చుట్టూనే. 2000లో జనాభా 75. 2010 నాటికే 12కు పడిపోయింది. 2011లో హోటల్ కూడా మూతపడింది. ఇక ఉండటానికి ఎవరికైనా కారణం ఏముంటుంది?

అర్ధరాత్రి ఓటు సంగతేంటి?

దీన్ని ఇక్కడ మొదలుపెట్టింది హోటల్ ఓనర్ నీల్ టిలట్‌సన్, 1960లో. రబ్బరు వ్యాపారంలో పేరున్న మనిషి. రాష్ట్ర చట్టం ప్రకారం వంద మంది లోపు ఓటర్లున్న చోట అర్ధరాత్రే పోలింగ్ పెట్టుకోవచ్చు. అందరూ ఓటేసేస్తే అక్కడికక్కడే క్లోజ్ చేసి లెక్క చెప్పేయొచ్చు. నిజానికి ఇదే రాష్ట్రంలోని హార్ట్స్ లొకేషన్ 1948లోనే ఇలా ఓటేసింది. కెమెరాలు మాత్రం డిక్స్‌విల్‌కే అలవాటు పడ్డాయి.

దీన్ని జోస్యంలా చూస్తే మాత్రం మోసపోతాం. 1960లో మొత్తం 9 ఓట్లూ నిక్సన్‌కే పడ్డాయి, గెలిచింది కెనెడీ. 2016లో ఇక్కడ హిల్లరీకి 4, ట్రంప్‌కు 2. ఏమైందో తెలిసిందే. 2020లో ఐదుకు ఐదూ బైడెన్‌కు. 2024 జనవరి ప్రైమరీలో ఆరుకు ఆరూ మన భారత మూలాలున్న నిక్కీ హేలీకి! నవంబర్‌లో అదే ఆరుగురు ఓటర్ల లెక్క చూస్తే నలుగురు రిపబ్లికన్లు, ఇద్దరు ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు. అయినా 3-3 వచ్చిందంటే.. రిపబ్లికన్లలో కనీసం ఒకరు ట్రంప్‌కు వేయలేదన్నమాట. పేరుకు రహస్య ఓటే గానీ, ఆరుగురున్న ఊళ్లో ఎంత రహస్యం మిగులుతుంది!

ఒక్కరు తగ్గితే..

2019లో ఆ ఆనవాయితీయే ఆగిపోయేలా కనిపించింది. పోలింగ్ నడపాలంటే ఎన్నికల బాధ్యతలు చూసేందుకు స్థానికులే కావాలి. ఒక మనిషి తక్కువయ్యారు. చివరికి బాల్సమ్స్‌ను మళ్లీ తెరవాలని ప్రయత్నిస్తున్న డెవలపర్ లెస్ ఆటెన్ తన నివాసం ఇక్కడికి మార్చుకున్నారు. దాంతో ఐదుగురయ్యారు, 2020లో అర్ధరాత్రి ఓటింగ్ జరిగింది. 2024 పోలింగ్ టిలట్‌సన్ హౌస్‌లోని హాల్లో పెట్టారు. అమెరికాలో తర్వాతి జనాభా లెక్కలు 2030లో.